బ్యాగు పేలని బండి

వేలంలో దెబ్బతిన్న కారు చవగ్గా కొని, బాగు చేయించి, లాభానికి అమ్ముకోవడం ఎలాగో ఇప్పుడు ఫోనులో చూసి నేర్చుకోవచ్చట. మా మేడ మీద గదిలో అద్దెకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలిద్దరు మొన్న ఆదివారం కిందికి దిగి వచ్చి, "ఆంటీ, మీరు ఆ ఫీల్డులో వర్క్ చేశారంట కదా. సైడ్ బిజినెస్‌గా స్టార్ట్ చేద్దామనుకుంటున్నాం, కొంచెం గైడ్ చేస్తారా?" అని అడిగారు. చూస్తే మంచి పిల్లలే. లాభనష్టాల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలిసినట్టుంది. నాకు తెలిసింది గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు. రాసి ఇస్తాను, పొమ్మన్నాను.

నేను కార్ల సీట్లు కుట్టేదాన్ని. బెంగళూరు యలహంకలో పాత ఊరి వెనక గ్యారేజీల వీధిలో మా మరిదికి ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక మూల మా ఆయన సీట్లు కుట్టేవాడు. ఆయన ఉన్నట్టుండి పోయాక ఆ మూలా, ఆ మిషనూ నాకు మిగిలాయి. ఇంట్లో కూర్చుని ఏడవడం కంటే షెడ్డులో కూర్చుని కుట్టుకోవడం మేలనిపించింది. మొదట్లో వీధిలో వాళ్ళు వింతగా చూశారు. తర్వాత సీటక్క అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే పని మానేసేదాకా గడిచిపోయింది.

మా దగ్గర ముగ్గురం. మా మరిది బండి కొనేవాడు, డెంటింగూ పెయింటింగూ దగ్గరుండి చేయించేవాడు. వైరింగ్ పని చేసే ఆయన ఒకడు ఉండేవాడు. మెత్తని మనిషి. షెడ్డులోకి వచ్చేటప్పుడు చెప్పులు బయట విడిచి వచ్చేవాడు, గ్రీజు నేల మీదికి ఎందుకయ్యా అంటే నవ్వేవాడు. లోపలి పని, అంటే సీట్లూ డోర్ల గుడ్డా పైకప్పు గుడ్డా, నాది.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకు ఒక మాట. పెద్ద యాక్సిడెంట్ అయిన బండిని బాగు చేయడం కంటే వదిలేయడమే లాభం అనుకుంటే బీమావాళ్ళు ఓనరుకు డబ్బిచ్చేసి ఆ బండిని వేలానికి పెడతారు. హొసకోట దారిలో అలాంటి బళ్ళు పెట్టే యార్డులున్నాయి. ఫోటోలు ఫోనులో వస్తాయి, నెంబరు ప్లేటు కనపడకుండా మసక చేసి. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, తర్వాత పేచీలు లేవు. ప్లేట్లు పీకేసిన బండి ముందు వస్తుంది, కాగితాలు బ్రోకరు చేతిలో తిరిగి తిరిగి నింపాదిగా వస్తాయి. ఆ బండిలో ఎవరున్నారు, ఏమయ్యారు అని మాత్రం ఎవరూ అడగరు. అది మా వీధిలో చెప్పకుండానే అందరూ పాటించే మర్యాద. సీటు మీద నెత్తుటి మరక చూసి జడుసుకుంటే ఆ పనిలో ఉండలేం. చన్నీళ్ళు, సోడా, బ్రష్షు. వదలకపోతే గుడ్డ మార్చడం. నేనూ అలాగే చేశాను.

నా సొంత అలవాటు ఒకటుండేది. అది మా ఆయన నేర్పింది. మాది హిందూపురం అవతలి పల్లె. మా ఊరి గంగమ్మ కుంకుమ చిటికెడు తీసుకుని, పసుపు గుడ్డలో చిన్న సంచీగా కుట్టి, డ్రైవరు సీటు స్పాంజిలో లోపలికి దోపి పైన గుడ్డ కుట్టేసేదాన్ని. కొన్నవాళ్ళకు చెప్పేదాన్ని కాదు. వాళ్ళలో రకరకాల వాళ్ళుంటారు, ఎవరి దేవుడు వాళ్ళకుంటాడు. ఆ సంచీ నా తృప్తి కోసం. బండిలో తిరిగేవాళ్ళను చల్లగా చూడు తల్లీ అనుకుని సూదికి ముడి వేసేదాన్ని.

ఇక అసలు విషయం. ఈ వేలం బళ్ళలో అందరూ కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసే రకం ఒకటుంది. ముందు భాగం నుజ్జయి ఉండాలి, కానీ ఎయిర్‌బ్యాగులు పేలి ఉండకూడదు. ముందు నుంచి గట్టి దెబ్బ తగిలితే స్టీరింగు మధ్యలోంచి గాలిసంచీ ఒకటి పేలి బయటికొచ్చి మనిషి ముఖానికీ స్టీరింగుకూ మధ్య అడ్డం పడుతుంది. ఒకసారి పేలితే దాన్ని మళ్ళీ మడిచి పెట్టడం కుదరదు. కొత్తది వేయాలి, దానితోపాటు ఇంకేవేవో మార్చాలి, మిగిలే లాభమంతా దానికే పోతుంది. అందుకని నుజ్జయిన బండిలో పేలని బ్యాగు కనపడితే మా మరిదికి నెత్తిన పాలు పోసినట్టుండేది.

ఆ రోజు మైసూరుపాకు పొట్లంతో షెడ్డులోకి వచ్చాడు. వెనకే క్రేను బండి, దాని మీద తెల్లకారు.

"ఒదినా, బంగారం దొరికింది. ముందరంతా నుజ్జైపోయుండాది గానీ బ్యాగు ఒక్కటీ పేల్లేదు. నోరు తెరువు, ముందు తీపి తిను."

తిన్నాను. బాగుంది కూడా. బండి చుట్టూ తిరిగి చూశాను. బానెట్ లేచి అద్దం మీదికి వచ్చింది. అద్దం పగిలి లోపలంతా ముక్కలు. ఆ మోడల్ తెల్లకార్లు బెంగళూరులో ఏ సిగ్నల్ దగ్గర చూసినా నాలుగైదు కనపడతాయి, గుర్తుపట్టేందుకేం ఉంటుంది? డ్రైవరు సీటు మీద నల్లగా ఎండిన మరక పెద్దదే ఉంది. సీట్లకు బజారులో దొరికే రెడీమేడ్ కవర్లు తొడిగారు. నా పని మొదలుపెడదామని కవరు లాగాను.

కింద మెరూన్ రంగు సీటు. అంచున జంట కుట్టు.

ఎవరో మంచి పనివాడు కుట్టాడే అనుకున్నాను, నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. గాజు ముక్కలు స్పాంజిలోకి దిగాయని మూల కుట్టు విప్పి చెయ్యి పెట్టాను. వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీశాను. పసుపు సంచీ.

అక్కడే గాజు పెంకుల మధ్య కింద కూర్చుండిపోయాను. వైరింగాయన పరుగెత్తుకొచ్చి, "ఏమైందక్కా, గాజు గుచ్చుకుందా?" అన్నాడు. సంచీ చూపించాను. అతనికి అర్థం కాలేదు. మా మరిదికి అయింది.

"మన గాడేనా ఇది? మనం అమ్మిన బండేనా?" అన్నాడు. ఒక్క నిమిషం ఆలోచించాడు. "మన గాడే అయితే ఇంకా మేలు కదా ఒదినా. లోపల ఏముండాదో అంతా తెలిసిందే."

చూశారా? మనిషి చెడ్డవాడు కాదు. మా ఆయన పోయినప్పుడు నెల రోజులు నాతోపాటు వాడూ సరిగ్గా అన్నం తినలేదు. అలాంటి వాడి నోట వచ్చిన మొదటి మాట అది.

నాకు మాత్రం మెరూన్ రంగు దగ్గరే మనసు ఆగిపోయింది. ఆ రంగు అడిగింది ఒక్కతే. బెళ్ళందూరులో ఉద్యోగం చేసే గుంటూరు వైపు అమ్మాయి. తన సొంత సంపాదనతో మొదటిసారి కారు కొనుక్కుంటూ, షెడ్డుకు రెండుసార్లు వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గుడ్డ ముక్కలన్నీ తిరగేసి, "ఆంటీ, అందరూ బ్లాక్ వేయించుకుంటారు, నాకు మాత్రం మెరూన్ కావాలి" అంది. బండి తీసుకెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని ఊపింది. ఆ అమ్మాయి కూర్చునే సీటు ఇది. ఆ మరక ఆ అమ్మాయిది.

ఇంతకుముందు ఎన్ని మరకలు కడిగానో. ఒక్కదానికైనా ముఖం లేదు. దీనికి ముఖం వచ్చింది.

లేచి స్టీరింగు వైపు చూశాను. మధ్యలో మూత నిక్షేపంగా ఉంది. ముందు భాగం అంతగా అప్పచ్చి అయిపోయి, అద్దం పగిలి, సీటు నిండా నెత్తురు కారి, ఆ మూతకు చిన్న గీత కూడా పడలేదు. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"ఏమప్పా, ఈ గాడి మొదటిసారి మన దగ్గరికి వచ్చినప్పుడు బ్యాగులు పేలి వచ్చింది కదా? తెల్లగా దిండు గలీబు మాదిరి వేలాడతా ఉండింది. అడ్డం వస్తాందని నేనే కత్తెరతో కోసి తీసినాను. మళ్ళీ కొత్తవి వేసినారు కదా?"

మరిది మైసూరుపాకు పొట్లం కాగితం మడుస్తున్నాడు. మడిచిందే మడుస్తున్నాడు.

"నిన్నే అడుగుతాండేది."

"ఏమొదినా నువ్వు. మూత కొత్తదే వేసినాం."

"మూత కాదు. లోపల?"

వైరింగాయన నా ముఖం చూశాడు, మరిది ముఖం చూశాడు. స్క్రూడ్రైవరు తెచ్చి మూత విప్పాడు. లోపల ఖాళీ. నేను వంగి మరీ చూశాను. బోలుగా ఒక గుంట, అడుగున టేపు చుట్టిన రెండు తీగలు, ఆ తీగల మధ్య మిరియపు గింజంత ఒక వస్తువు.

"ఇది పెడితే బ్యాగు ఉండాదని గాడి అనుకుంటుందక్కా. మీటరులో ఎర్ర లైటు ఆరిపోతాది. సుమ్నే, ఊరికే లైటు కోసరమే" అన్నాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. దయ్యాల కథల్లో చల్లబడుతుందంటారే, అది నిజమే. పెద్ద దెబ్బ తగిలినా బ్యాగు పేలలేదని మేం తీపి పంచుకుని తిన్న బండి. పేలడానికి దాంట్లో ఏమీ లేదు. లేకుండా చేసింది మేమే. దేవతా కుంకుమ సంచీ పెట్టి నేను చేతులు జోడిస్తూ ఉంటే, నాకు మూరెడు దూరంలో నిజంగా మనిషిని కాపాడే సంచీ లేకుండా మూత బిగించారు. నోట్లో ఇంకా నెయ్యి వాసన వస్తోంది. బయటికెళ్ళి వాంతి చేసుకున్నాను.

తిరిగొచ్చి అడిగాను, "ఎన్ని గాడీలకి ఇట్ల చేసినారు?"

వైరింగాయన వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. మొదటి చెయ్యి అయిపోయి రెండోది కూడా అయిపోతుంటే చాల్లే ఆపమన్నాను.

"ఈ వీధిలో అందరూ చేసేదే ఒదినా" అన్నాడు మరిది. "పేలినవాటికంతా కొత్తవి వేస్తే మనకేం మిగులుతుంది? బెల్టు వేసుకుంటే చాలు, బ్యాగు వట్టి షోకు. మన చిన్నప్పుడు ఏ గాడిలో ఉండె బ్యాగులు? అప్పుడు జనం తిరగలేదా?"

అంత నమ్మకంగా చెబుతుంటే, నిజంగానే వీడికి తెలియదేమో, వట్టి అలంకారమనుకుంటున్నాడేమో అనిపించింది. అలా అనుకుంటే నాకూ కాస్త ఊపిరాడింది. తెలియక చేసినవాణ్ణి తిట్టవచ్చు, మళ్ళీ అన్నం కూడా పెట్టవచ్చు.

ముందు ఆ అమ్మాయికి ఫోను చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. ఆ రోజంతా చేశాను. స్విచాఫ్ అని చెప్పే గొంతు మీద కూడా కోపమొచ్చింది. ఉందో పోయిందో తెలియదు. బండి తెచ్చిన యార్డువాణ్ణి అడిగితే, "మనుషుల సంగతి మాకేం గొత్తమ్మా, మాకెట్ల తెలుస్తుంది? మాకు గాడి వస్తుంది" అన్నాడు. న్యాయమే, మేమూ ఎప్పుడూ అడగలేదు కదా.

ఆమె దొరికేదాకా ఊరికే కూర్చోలేక అలాంటి బళ్ళు కొన్న మిగతావాళ్ళకు ఫోన్లు చేయమని మరిది నెత్తి మీద కూర్చున్నాను. వాడు చేయకపోతే నేనే చేశాను. బండి వెనక్కి తెండి, లోపల బ్యాగు లేదు, వేయించి ఇస్తాం అని. ఎగిరి గంతేసి తెచ్చి ఇస్తారనుకున్నాను. ఒక టాక్సీ ఆయన పకపకా నవ్వాడు. "ఎవరమ్మా, నా గాడికి ఎక్కువ ధర పెట్టింది? వాళ్ళను నేరుగా నాతోనే మాట్లాడమని చెప్పు." ఇంకొకాయన, "తిరుమల కొండకు తీసుకుపోయి పూజ చేయించిన గాడి. వాపసిస్తే ఇంటికి మంచిదా? బ్యాగు లేకపోతే పోనీలే, స్వామి చూసుకుంటాడు" అని పెట్టేశాడు. ఒక్కాయన మాత్రం బుద్ధిగా అంతా విని, చాలా థాంక్సమ్మా, నిజం చెప్పినందుకు అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మరునాడు ఆ బండి ఫోటో ఫోనులో అమ్మకానికి కనపడింది. ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని కింద ప్రత్యేకంగా రాశాడు.

ఈ లోకం మీద నాకు పెద్ద భ్రమలేమీ ఉండేవి కావు. అయినా ఆ ఫోటో కింద రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను.

అమ్మాయి ఫోను ఇంకా పలకలేదు. బండి ఇచ్చిన రోజు మరిదే మారతహళ్ళిలో వాళ్ళ అపార్టుమెంటు దాకా వెళ్ళి అప్పజెప్పి వచ్చాడు. అక్కడికి తీసుకెళ్ళమన్నాను. పనుందన్నాడు. నువ్వు రాకపోతే నేను బస్సులో వెళతాను, వెళ్ళి నా నోటికొచ్చింది చెబుతాను అన్నాను. వచ్చాడు.

హెబ్బాళ దాటి రింగురోడ్డు ఎక్కి ట్రాఫిక్కులో ఇరుక్కున్నాం. ఈ ప్రయాణం తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెప్పడం నాకిష్టం లేదు. అమ్మాయి వాళ్ళు పోలీసు కేసు పెట్టారు. నన్ను పిలిచి అడిగితే చూసింది చూసినట్టు చెప్పాను, ఆ గుంట సంగతీ, మిరియపు గింజ సంగతీ. షెడ్డు మూతపడింది. కేసు ఇంకా నడుస్తోంది. మా తోడికోడలు గోడ అవతలే ఉంటుంది, "ఇంటి కోడలివై ఉండి ఇంటి మాట స్టేషన్లో చెబుతావా" అని ఒకసారి అరిచింది, ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. వైరింగాయన ఇప్పుడు ఇంకో వీధిలో పని చేస్తున్నాడు. ఏం పని చేస్తున్నావని నేను అడగలేదు. నేను మళ్ళీ మిషను మూత తీయలేదు. నా రిటైర్మెంటు అదే, దండలూ శాలువలూ ఏమీ లేవు.

మారతహళ్ళిలో గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. ఆ మేడం ఉన్నారా అని అడగడానికి కూడా భయం. ఉన్నారా అన్న మాటకు ఎన్ని అర్థాలో అప్పుడే తెలిసింది. "ఇదారే, మేలే ఇదారే" అని వాడు చెయ్యి పైకి చూపించాడు. మేడ మీద ఇంట్లోనే ఉన్నారని చెబుతున్నాడు. ఆ చెయ్యి చూసి నా గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది.

తలుపు తీసింది వాళ్ళమ్మ. నన్ను చూడగానే ఆవిడ ముఖం విప్పారింది.

"అయ్యో, మీరా! రండి రండి. అమ్మాయీ, సీట్లు కుట్టిన ఆంటీ వాళ్ళు వచ్చారే! మీకెట్లా తెలిసిందండీ? బండి అమ్మేశాక కొన్నోళ్ళు ఏమైపోతే మాకెందుకులే అనుకునే రోజులు. చూడటానికి ఇంత దూరం వచ్చారా. కూర్చోండి, కాఫీ పెడతాను."

వద్దంటుంటే వినలేదు. అమ్మాయి లోపలి గదిలోంచి గోడ పట్టుకుని వచ్చింది.

కుడి కంటి మీద కట్టు ఉంది. ఆ కట్టు కింద నుంచి చెంప మీదుగా పెదవి దాకా కుట్లు. నేను జీవితమంతా కుట్లు చూసినదాన్ని. చాలా సన్నటి కుట్లు అవి, ఎవరో డాక్టరు ఎంతో ఓపిగ్గా వేసినవి. అయినా అంచు అంచుకు కలవలేదు. ముందు పళ్ళు లేవు, మాట గాలిలా వస్తోంది. నవ్వబోయింది, నొప్పికి ఆగిపోయింది. ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియలేదు, ఏ మొహంతో పెట్టాలో అసలే తెలియలేదు. బతికుంది. అదొక్కటే లోపల అనుకుంటున్నాను. బతికుంది, బతికుంది.

"బెళ్ళందూరు నుంచి వస్తున్నా ఆంటీ" అంది. "రోడ్డు మీద టిప్పర్ లారీ ఆపేసి ఉంది, లైట్స్ లేవు. బెల్ట్ పెట్టుకునే ఉన్నా. ఫేస్ వెళ్ళి స్టీరింగ్‌కి కొట్టుకుంది. ఫోను ముక్కలైపోయింది. కొత్తది తీసుకోలేదు, ఈ కన్నుతో స్క్రీన్ చూస్తే తలనొప్పి. ఆ కన్ను ఇంక రాదంటున్నారు."

వాళ్ళమ్మ కాఫీ తెచ్చి మా ఇద్దరి చేతుల్లో పెట్టి పక్కన నిలబడింది. గ్లాసు వేడిగా ఉంది, అయినా కింద పెట్టాలని తోచలేదు.

"ఎయిర్‌బ్యాగ్ ఓపెన్ అయ్యుంటే ఫేస్‌కి ఇంత అయ్యేది కాదన్నారు డాక్టరు" అంది అమ్మాయి. "అందుకే మా అన్నయ్య కార్ల కంపెనీ మీద కంప్లైంట్ ఇచ్చాడు. వాళ్ళేమో సెకండ్‌హ్యాండ్ కదా, రిపేర్ చేసినవాళ్ళు సరిగా చేసి ఉండరు అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళు అలాంటివాళ్ళు కాదు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సీట్లు కుట్టారు అని చెప్పా. అంకుల్, మీరిద్దరూ మా తరఫున ఒక్కసారి వచ్చి చెప్తారా? బండిలో అన్నీ సరిగా పెట్టే ఇచ్చామని."

నేను మరిది వైపు చూశాను. వాడు గొంతు సవరించుకున్నాడు.

"వస్తామమ్మా" అన్నాడు. "దానికేముండాది, తప్పకుండా వస్తాం."

ఆ మాట నా చెవిన పడ్డాక ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. అరిచాననే అనుకుంటాను. నోరు ముయ్యి అన్నాను వాణ్ణి, నా పెళ్ళయిన నాటి నుంచీ వాణ్ణి అలా అన్నది అదే మొదలు. తర్వాత చెప్పేశాను. కంపెనీది తప్పు కాదమ్మా, దాంట్లో బ్యాగు లేదు. ఇదివరకే పేలిపోయింది. మావాళ్ళు కొత్తది వేయలేదు. బ్యాగు ఉన్నట్టు కనపడేలా లైటు మాత్రం ఆర్పేశారు. నాకు మొన్ననే తెలిసింది. నీ బండి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది.

వాళ్ళమ్మకు వెంటనే అర్థం కాలేదు. అమ్మాయికి అయింది. ఉన్న ఒక్క కన్నూ నా మీదినుంచి తీసి మరిది మీద పెట్టింది.

"లోపల అసలు ఏమీ లేదా?"

"లేదమ్మా."

"మరి నేను స్టార్ట్ చేసినప్పుడు లైటు వెలిగి ఆరేది కదా. రోజూ చూసేదాన్ని."

"అది... అట్ల సెట్ చేస్తారమ్మా. అందరూ చేసేదే. మా వీధిలో ఎవరినైనా అడుగు. బెల్టుంటే చాలనుకున్నాం. దేవుడి మీద ఒట్టు, నీకిట్ల కావల్లని చేసింది కాదు. దాంతో ఇంత పని ఉంటుందని మాకేం తెలుసు?"

అమ్మాయి కోప్పడలేదు, ఏడవలేదు. మాట్లాడటానికి పెదవి సరిచేసుకుని మెల్లగా అడిగింది.

"మీ ఇంట్లోవాళ్ళు కూడా అలాంటి కారులోనే తిరుగుతారా అంకుల్?"

మా మరిదికి ఒక్కతే కూతురు. దేవనహళ్ళి దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద రోజూ తనే నడుపుకుంటూ వెళుతుంది. అదీ వేలం బండే, ముందు భాగం పోయి, బ్యాగులు పేలి వచ్చిన బండే. దాని సీట్లు నేనే కుట్టాను. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. పిల్ల రేపు పొద్దున అదే బండి ఎక్కుతుంది, ముందు దాన్ని ఆపాలి అనుకుంటూ వాడి ముఖంలోకి చూశాను.

వాడి ముఖంలో ఆ కంగారు లేదు. తల వంచుకున్నాడు. ఇప్పుడు అబద్ధం చెప్పినా అక్కడ ఎవరికీ తెలియదు, నాకు కూడా. ఎందుకో ఆ అబద్ధం చెప్పలేకపోయాడు.

"మా అమ్మాయి గాడిలో ఉండాయమ్మా" అన్నాడు. "కొత్తవి. కంపెనీవి తెప్పించి వేయించినా."

"అయితే మీకు తెలుసు" అంది అమ్మాయి.

అంతే అంది. గోడ పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

వాళ్ళమ్మ అప్పటిదాకా నిలబడే ఉంది. ముందుకొచ్చి మరిది చేతిలోంచి కాఫీ గ్లాసు తీసేసుకుంది. వాడు ఒక్క గుక్కయినా తాగలేదు. నాకేమీ తెలియదమ్మా, నేను సీట్లు మాత్రమే కుట్టాను అందామని నోరు తెరిచాను. ఆవిడ రెండో చెయ్యి చాచి నా గ్లాసు కూడా తీసేసుకుంది.